వేరు గిన్నె

“వేరే గిన్నెలో నేతిపోపు కూర దానికొక్కదానికేనా అత్తయ్యా? నేనేం పాపం చేశానండీ?” మాత్సర్యంతో అడిగింది పున్నమ్మ.

తోడికోడలు నాగవేణికి రొయ్యలు తింటే దద్దుర్లు. పైగా ఆమెది ‘ఏ’ గ్రూపు రక్తం; దానికి చేపలూ పడవని ఎవరో చెప్పగా, అత్తగారు ఆమెకు విడిగా సొరకాయ వండుతున్నారు.

“నీది ‘ఓ’ గ్రూపేగా! చేపల పులుసు పోసుకుని నిక్షేపంలా తిను.”

నాగవేణి గిన్నె ఇటు తోసింది. “నువ్వే తినక్కా. ఉమ్మడింట్లో నాకొక్కదానికే వేరుకుండ పెట్టినట్టుంది. పులుసు వాసనకి ఏడుపొచ్చి, గోడవైపు తిరిగి తింటున్నా.”

పున్నమ్మ చేతిలో ముద్ద ఆగిపోయింది. ఇన్నాళ్ళూ తాను ఈర్ష్యపడినది వెలివేసిన విస్తరిని చూసా!

కంచం జరుపుకొని నాగవేణి పక్కన కూర్చుంది.

“నాకూ సొరకాయే వెయ్యండత్తయ్యా. నాదీ ‘ఏ’ గ్రూపే.”

“రక్తం ఎక్కడన్నా మారుద్దటే?”

“ఇప్పుడే మారిందండీ.”