జర్కన్ పన్ను

"జర్కనా? నా పెండ్లాం నోట్ల జర్కన్ పెడ్తనంటవా?"

డాక్టర్ దేవకృప చేతిలో ఉన్న తెల్లటి నమూనా పన్నును పురుషోత్తం పామును చూసినట్టు చూశాడు. రెజిమెంటల్ బజార్‌లో ఆయనది నగల దుకాణం. అసలు వజ్రం తప్ప జర్కన్‌లాంటి ఉత్తుత్తి రాయి ఆ గడప తొక్కదని ఆయన చెప్పుకోని రోజు లేదు.

"జర్కన్ కాదంకుల్, జిర్కోనియా," అంది దేవకృప.

"తాతకు దగ్గులు నేర్పకు బిడ్డా. మీ జిర్కోనియానే మా బజార్ల జర్కన్ అంటరు. అవునా, కాదా?"

ఆమె కాదనలేకపోయింది. "పదార్థం అదే. తయారీ మాత్రం వేరు. ఇది నోటి కోసమే చేసింది."

పక్క కుర్చీలో శారదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. బాత్రూంలో జారిపడి ముందు పన్ను పోయినప్పటి నుంచి ఆ కొంగు దిగలేదు. ఒకప్పుడు ఆమె నవ్వితే పక్కింటివాళ్లు ఏమైందోనని తొంగిచూసేవారు. ఇప్పుడు ఇల్లు బోసిపోయింది. ఆ నవ్వు మళ్లీ వినబడితే తప్ప పురుషోత్తానికి అన్నం సయించేలా లేదు. అందుకే పట్టపగలు షట్టర్ దించి మరీ ఆమెను తీసుకొచ్చాడు. అలాగని నకిలీ పెట్టిస్తాడా?

"టైటానియం పెట్టు. గది అసల్ లోహం."

"టైటానియం మంచిదే అంకుల్. ఎన్నో ఏళ్లుగా ఎంతోమంది నోట్లో నిలబడింది. కానీ ఆంటీ చిగుళ్లు మరీ పల్చన. నవ్వినప్పుడు వాటి కింద ఎముకలో బిగించే లోహపు మేకు బూడిదరంగులో కనబడొచ్చు."

"మరి జర్కన్?"

"తెల్లగా ఉంటుంది కాబట్టి ఆ బాధ లేదు. చిగుళ్లకూ బాగా ఒప్పుతుంది. కాకపోతే టైటానియం అంత పాతది కాదు. ముప్పై ఏళ్ల తర్వాత ఎలా ఉంటుందంటే గట్టిగా చెప్పలేను."

పురుషోత్తానికి పట్టు దొరికింది. "నేను జెప్పేది గదే. జర్కన్ మెరుపు నాల్గు దినాలే. తర్వాత మసక వడ్తది. దీనికి హాల్‌మార్క్ సుత ఉండదు."

దేవకృప నవ్వు ఆపుకుంది. "పన్నుకు హాల్‌మార్క్ ఏంటంకుల్?"

"నవ్వకు బిడ్డా. ఇన్నేండ్ల కాపురంల ఈమెకు నకిలీ పెట్టినోణ్ణి కాదు. ఇప్పుడు పెడ్తనా?"

ఆ మాట అవసరానికి మించి గట్టిగా వచ్చింది. అంటున్నప్పుడు ఆయన భార్య వైపు చూడనూ లేదు.

దేవకృప టైటానియందీ తెల్లదీ రెండు నమూనాలనూ బల్ల మీద పెట్టింది. "పెట్టించుకునేది ఆంటీ. ఆమెనే అడుగుదాం."

"ఆమెకేం ఎర్క, ఏది అసలో ఏది నకిలీయో?"

శారదమ్మ ముందుకు వంగి తెల్లదాన్ని చేతిలోకి తీసుకుంది. కొంగు జారిపోయినా పట్టించుకోలేదు.

"ఇదే పెట్టు బిడ్డా. టైటానియం సంగతి నాకు తెల్వదు. జర్కన్ సంగతి మంచిగ తెల్సు."

పురుషోత్తం తెల్లబోయాడు. శారదమ్మ ముక్కు మీద వేలు ఆనించుకుని, పన్ను లేని నోటితోనే పకపకా నవ్వింది.

"వజ్రమని జెప్పి పెండ్లిల ఈయన పెట్టిన ముక్కుపుడక గిది. ఒక్కనాడు సుత మసక వట్టలే."