తూర్పు గోడ పక్కన చోటు

“ఇంకొంచెం కిందికి లాగండి,” అన్నాడు జవ్దత్.

నదావ్ గుడ్డను మెడ దాకా లాగాడు. శవాగారంలో పనిచేసే ఆ కుర్ర డాక్టరు పొద్దుటినుంచీ ఇదే పనిలో ఉన్నాడు. బయట వరండాలో ఇంకా జనం ఎదురుచూస్తున్నారు. జెరూసలేంను యూదుల ప్రభుత్వం, అరబ్బుల ప్రభుత్వం రెండూ కలిసి ఏలుకోవడం రేపు తెల్లవారితో మొదలు. అంతకుముందే ఇరుపక్షాలూ అట్టేపెట్టుకున్న శవాలన్నిటినీ కన్నవాళ్లకు అప్పజెప్పాలని ఒప్పందంలో రాసుకున్నారు.

జవ్దత్ వంగి చూశాడు. ఏళ్ల తరబడి మంచులో ఉన్న మొహం. చర్మం నల్లబడి ఎముకకు అంటుకుపోయింది. అతని కొడుకు నిజార్ ఒక మధ్యాహ్నం తల్లికి మందులు తెస్తానని వెళ్లి, తనిఖీ గేటు దగ్గర సైనికుల తూటా తగిలి పడిపోయాడు. వాడి చేతిలో కత్తి ఉందని వాళ్లన్నారు. మందుల పొట్లమని వీళ్లన్నారు. శవం మాత్రం ఇంటికి రాలేదు.

“మీ అబ్బాయేనా, పెద్దాయనా?” నదావ్ అరబ్బీ కూడబలుక్కుంటూ అడిగాడు. “తొందరేం లేదు. బాగా చూసి చెప్పండి.”

జవ్దత్ గోడ పొడుగునా ఉన్న ఇనుప సొరుగుల వైపు తల తిప్పాడు.

“వీటిలో ఉన్నవాళ్ల సంగతేమిటి?”

“వాళ్లకోసం ఎవరూ రాలేదు. రేపు ఎడారి వైపు తీసుకెళ్లి పూడ్చేస్తారు.”

“పేర్లు లేవా?”

“పేర్లుంటే ఎవరో ఒకరు వచ్చేవాళ్లు కదా.”

జవ్దత్ మళ్లీ ఆ మొహం వైపు తిరిగాడు. చెయ్యి చాచి, ఆ చల్లటి నుదుటి మీద ఆనించాడు.

“నా కొడుకే,” అన్నాడు.

నదావ్ గుడ్డ కప్పేశాడు. వెంటనే వెళ్లిపోలేదు. “మా అన్నయ్యని కూడా మీవాళ్లు మొన్న అప్పజెప్పారు. పెట్టె వచ్చింది. మా అమ్మ మూత తియ్యనివ్వలేదు.”

“ఆమెకు దేవుడు ఓపికివ్వాలి,” అన్నాడు జవ్దత్.

వ్యాను నడిపింది రిబ్హీ, జవ్దత్ భార్య సమీహాకు తమ్ముడు. దారిలో రెండు జెండాలు కట్టిన కొత్త పోలీసు జీపు ఎదురైంది. లోపల అటువాడొకడు, ఇటువాడొకడు, చెరో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

“చూశావా బావా, కొత్త కాపురం,” అన్నాడు రిబ్హీ. “నెల తిరక్కుండా ఎవరి పుట్టింటికి వాళ్లు పోతారు.”

జవ్దత్ నవ్వలేదు. రిబ్హీ గొంతు తగ్గించాడు.

“అక్కని మొహం చూడనివ్వకు. తట్టుకోలేదు. ఈ చలికాలం గడిస్తే గొప్పే అన్నారుగా డాక్టర్లు.”

“తెలుసు.”

“వాడికి గోరీ కట్టకుండా నాకు గొయ్యి తవ్వితే ఊరుకోనని నిన్న కూడా నామీద కేకలేసింది.”

“తెలుసు రిబ్హీ. దారి చూసి నడుపు.”

సమీహా గుమ్మంలోనే కుర్చీ వేసుకుని కూర్చుంది. ఎర్ర దారంతో కుట్టుపని చేసిన నల్ల గౌను ఆమె ఒంటిమీద వేలాడుతోంది. పెట్టె లోపలికి తేగానే లేచి నిలబడింది.

“అందరూ బయటికెళ్లండి. ముందు నేను చూడాలి.”

“వద్దు సమీహా,” అన్నాడు జవ్దత్. “మంచులో ఉండి బాగా మారిపోయాడు. ఆ పాత మొహమే గుర్తుంచుకో.”

“నేను కన్నవాణ్ణి చూసుకోడానికి నీ సెలవు కావాలా, నిజార్ నాన్నా?”

అందరూ బయటికి నడిచారు. జవ్దత్ తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. సమీహా శవానికి చుట్టిన కఫన్ గుడ్డ విప్పింది. కేక పెడుతుందని అతను ఊపిరి బిగబట్టాడు. ఆమె కేక పెట్టలేదు. చూస్తూనే ఉంది.

“సమీహా...”

ఆగమన్నట్టు చెయ్యెత్తింది. తలగుడ్డ అంచుతో ఆ మొహం మీద మంచు కరిగి కారుతున్న నీటిని మెల్లగా తుడిచింది. వంగి నుదుటిని ముద్దు పెట్టుకుంది.

“ఎన్నాళ్లు చలిలో పడుకున్నావు నాయనా,” అంది. “ఇంటికొచ్చావులే.”

జవ్దత్ గోడవైపు తిరిగి ఏడ్చాడు.

తలుపు తియ్యగానే ఆడవాళ్లు గుండెలు బాదుకుంటూ లోపలికొచ్చారు. సమీహా వాళ్లను కసిరింది. “గొడవ చెయ్యకండి. బిడ్డ అలిసిపోయి వచ్చాడు.”

సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక తూర్పు గోడ పక్కనున్న ఖబరస్తాన్‌లో మట్టి చేశారు. ఆ వారమంతా అక్కడ పారల చప్పుడే. మగవాళ్లు ఒక్కొక్కరే జవ్దత్ భుజం తట్టి వెళ్లిపోయాక, రిబ్హీ అక్కను చెయ్యి పట్టి తీసుకొచ్చి, తాను దూరంగా వ్యాను దగ్గర ఆగాడు. సమీహా పచ్చిమట్టి పక్కన కూలబడింది. ఆయాసం తగ్గేదాకా జవ్దత్ ఆమె వీపు రాశాడు.

“నీకొక మాట చెప్పాలి,” అన్నాడు.

“ఏమీ చెప్పొద్దు.”

“అది కాదు, విను...”

“ఈ పక్కన చోటు నాకేనా?”

“నీకే.”

“వెడల్పుగానే ఉంది.” అరచేత్తో మట్టిని, దుప్పటి సర్దినట్టు, ఆ చివరిదాకా సర్దింది. “శుక్రవారాలు వచ్చి నీళ్లు చల్లు. నేను పోయాక కూడా. నాకొక్కదానికే చల్లి వెళ్లిపోకు.”

“ఇద్దరికీ చల్లుతాను.”

ఆమె ఆ మట్టి మీంచి చెయ్యి తియ్యలేదు.

“పాపం, ఎవరి బిడ్డో.”