గోళీలేమన్న మింగుతడా?

కట్టు కట్టిన కాసేపటికే మళ్లీ ఎర్రబడింది.

పొద్దుటి షిఫ్టులో బొగ్గుపెళ్ల ఊడిపడి సంపత్ జబ్బ చీరుకుపోయింది. గోదావరిఖనిలోనే ఓ దవాఖానకు తెచ్చి కుట్లు వేయించారు.

పక్కనే నిలబడ్డ అన్న భూపాల్‌కు చిరాకు పెరుగుతోంది. తమ్ముడి నెత్తురు ఆగదు, బెంచీ మీది ముసలామె నోరూ ఆగదు.

"బిడ్డా, తమ్ముడు గోళీలేమన్న మింగుతడా?"

"లేదవ్వా."

"మంచిగ యాది చేస్కో. నెత్తురు పల్చబడే గోళీలు?"

"లేవన్న గదా! నీకెందుకు?"

ఉన్నాయి. కాలి నరంలో నెత్తురు గడ్డకట్టిందని కరీంనగర్ డాక్టర్ రాసిచ్చాడు. బయటపడితే అన్‌ఫిట్ అంటారని, బొగ్గుబాయిల డ్యూటీ పోతుందని సంపత్ అన్నకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇందాక డాక్టర్ అడిగినా భూపాల్ లేవనే అన్నాడు.

ముసలామె లేచి నేరుగా డాక్టర్ దగ్గరికే నడిచింది.

"సారూ, ఇంకోసారి అడుగుండ్రి. వీళ్లు దాస్తున్నరు."

భూపాల్‌కు ఒళ్లు మండింది.

"ఎవరీమె? గిదేం లొల్లి? ముందుగాల బయటికి పంపుండ్రి!"

వాచ్‌మన్ ఆమెను గేటు దాటించి వచ్చాడు.

కొత్త కట్టూ తడిసింది. సంపత్ పెదవులు పాలిపోయాయి.

"అన్నా, చలి పెడుతున్నది."

భూపాల్ ఇక తట్టుకోలేకపోయాడు. గోళీ పేరు చెప్పేశాడు.

డాక్టర్ బల్ల మీద చరిచాడు. "ఇంతసేపు ఏం చేసినవయ్యా? నెత్తురు గడ్డకట్టాలంటే థ్రాంబిన్ పని చెయ్యాలి. అదే సన్నని దారాలు అల్లించి గాయాన్ని మూసేది. ఈ గోళీ దాన్ని కదలనియ్యదు. ఎన్ని కుట్లు వేస్తే ఏం లాభం?"

కరీంనగర్ నుంచి విరుగుడు ఇంజక్షన్ తెప్పించారు. సాయంత్రానికి కట్టు తెల్లగానే నిలిచింది.

భూపాల్ గేటు దాకా పరుగెత్తాడు. ముసలామె ఎక్కడా లేదు.

"సిస్టర్, ఆ అవ్వ ఎవరు? రేపొస్తదా?"

నర్సు సంధ్యారాణి తల అడ్డంగా ఊపింది. "ఆమె పేరు సారవ్వ. దెబ్బలు తాకి వచ్చినోళ్లందర్నీ గదే అడుగుతుండె. ఇయ్యాల లొల్లయ్యింది గదా, ఇగ లోపలికి రానియ్యద్దన్నరు."

"ఆమెకెందుకంత ఫికర్?"

"పోయినేడు ఆమె కొడుకు గిట్లనే నెత్తురు ఆగక సచ్చిపోయిండన్నా. గప్పుడు డాక్టర్ అడిగితే, ఏ గోళీలు మింగడని చెప్పింది ఆమెనే."