చెక్కేసిన వరుస

మదర్సా గోడలోని శిలాఫలకాన్ని రాత్రికి రాత్రే ఎవరో ఉలితో చెక్కేశారు.

అది మొదట చూసింది అక్కడి తెలుగు టీచరు ఉమారాణి. పొద్దున్నే వచ్చి గేటు తీస్తుంటే కింద రాతిపొడి కనబడింది.

"నిన్న ఇంటికి పోయేటప్పుడు మంచిగనే ఉండె సార్," అని ఎస్సై శ్రీశైలంతో చెప్పింది.

"ఇంక అడుగుడేంది సార్?" అన్నాడు ఎల్లేష్. "లోపటున్నోళ్ల పనే. రాయి చదివితే జాగా మాదని తేలుతది. అందుకే చదవకముందే చెక్కిన్రు."

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు అది. కొత్తకోట అవతల హైవే పక్క ఊళ్లన్నీ ప్లాట్లు అవుతున్నాయి. ఎల్లేష్ కన్ను ఈ జాగా మీద పడింది. నైజాం కాలంలో అతని తాత మల్లప్ప బడి కట్టడానికి ఇచ్చిన జాగా అది. తర్వాత సర్కారు బడి హైవే దగ్గరికి మారిపోయింది. పాడుబడ్డ బిల్డింగులో పట్నం నుంచి వచ్చిన అంజుమన్ అనే ముస్లిం సంఘం వాళ్లు, ఊరి పెద్దల్ని అడిగి, మదర్సా పెట్టారు. మొదట్లో ఖురాన్ ఒక్కటే చెప్పేవారు. కొన్నేళ్లకు లెక్కలు చేరాయి. ఆ తర్వాత తెలుగు. ఉమారాణి వచ్చాక పిల్లలు పదో తరగతి పరీక్షలు కూడా రాస్తున్నారు.

ఎల్లేష్ నిన్ననే రాయిని కప్పేసిన పాత సున్నం గీకించాడు. పై వరుస బయటపడగానే రెవెన్యూ వాళ్లు ఆపించారు. పొద్దున ఉర్దూ తెలిసినవాళ్లను పంపిస్తాం, అప్పటిదాకా ముట్టుకోవద్దన్నారు. అలా మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన రఫియా టీచరు ఇప్పుడు కళ్లజోడు సర్దుకుని రాయి ముందు నిలబడింది.

"పైన 'మదర్సా' అని ఉంది," అంది.

"నేను చెప్తున్నది గదే," అన్నాడు మదర్సా నడిపే హాఫిజ్ ఇమాముద్దీన్. మెల్లగా, ఎవరి వైపూ చూడకుండా అన్నాడు. "మదర్సా అని రాసుంది. మాది మదర్సానే. మా సాక్ష్యం మేమెందుకు చెక్కుకుంటం?"

"లేదు హాఫిజ్ సాబ్. పక్కన 'తహతానియా, సర్కారె ఆలీ' అని ఉంది. చిన్న తరగతుల సర్కారు బడి అని. అప్పట్లో ఏ బడినైనా మదర్సా అనే రాసేవాళ్లు."

హాఫిజ్ తల ఊపాడు. కొత్త సంగతి విన్నట్టు లేదు, కాదనే ఓపికా లేదు.

"కింద?" అన్నాడు ఎస్సై.

"జాగా ఇచ్చినాయన పేరు. మల్లప్ప. దీని మీద ఉలి గీత కూడా పడలేదు. దాని కింద వరుస మాత్రం పూర్తిగా పోయింది."

"అదే సార్, అసలు వరుస," అన్నాడు ఎల్లేష్. "బడి బందయితే జాగా వారసులకే తిరిగి రావాలె అని రాసుండె. మా నాయిన నా చిన్నప్పుడే చెప్పిండు."

అందరూ అరుగు వైపు చూశారు. ఎల్లేష్ తండ్రి దశరథం అక్కడ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. పొద్దున్నుంచీ ఉలకలేదు, పలకలేదు.

"తండ్రి పేరున్న రాయి. ముసలాయనకు గట్టి దెబ్బనే తగిలింది," అంది ఉమారాణి.

రఫియా టీచరు కళ్లజోడు తీసింది. "చెక్కినవాళ్లు మాత్రం మిగతా సున్నం గీకి, చదివే చెక్కారు సార్. పేరు వదిలి, షరతు ఒక్కటే తీసేశారు."

ఎస్సై ఎల్లేష్ వైపు తిరిగాడు. "ఊర్లె ఉర్దూ ఎవరికొస్తది?"

"మాట్లాడుడు అందరికొస్తది సార్. చదువుడంటే హాఫిజ్ సాబ్ ఒక్కడే. ఊరి తురకోళ్లు గూడ మాతోనే తెలుగు బడికొచ్చిన్రు. ఇగ మిగిలింది ఈన కాడ చదివే పోరగాండ్లు."

లోపల పిల్లలు వరుసగా కూర్చుని ఉన్నారు. పాఠం నడవడం లేదు. ఎస్సై అటు ఒక అడుగు వేశాడు.

"పిల్లల జోలికి పోవద్దు సార్," అన్నాడు హాఫిజ్. "నేనే అని రాసుకోండి."

"నువ్వే చేసినవా?"

"రాసుకోండి అన్న గద."

"కేసైతది హాఫిజ్ సాబ్. తెలుసా?"

"తెలుసు. అంజుమన్ నుంచి ఫోన్ గూడ వచ్చింది. పోలీసు కేసైతే మూసేసి రమ్మన్నరు."

"మరి పిల్లలు?"

"ఇండ్లున్నోళ్లు ఇండ్లకు పోతరు."

ఇండ్లు లేనివాళ్ల సంగతి ఎస్సై అడగలేదు. హాఫిజ్ చెప్పలేదు. ఉమారాణి లోపలికి వెళ్లి, చెయ్యడానికేమీ లేక, బోర్డు తుడిచింది.

"చూసిన్రా సార్, ఒప్పుకున్నడు," అన్నాడు ఎల్లేష్. "ఇగ జీపెక్కించుండ్రి."

హాఫిజ్ చెప్పులు తొడుక్కున్నాడు. అప్పుడు అరుగు మీద కదలిక వినిపించింది. దశరథం గోడ పట్టుకుని లేచాడు.

"జర ఆగు సారూ."

"నాయినా, నువ్వు ఊకో," అన్నాడు ఎల్లేష్. "నీకు బాధున్నది, నాకెరుకే. నేను చూసుకుంట."

"మా నాయిన బడి కోసమని ఇచ్చిండు. బడి నడుస్తనే ఉన్నది గదరా."

"ఇది బడా? మదర్సా."

"ఇప్పుడే గద మేడం చెప్పింది. రెండూ ఒకటేనంట."

"ఆ ముచ్చట రాయి చెప్పాలె, నువ్వు గాదు. ఎన్నడన్న ఆ రాయి చదివినవా నువ్వు?"

ముసలాయన కొడుకు మొహంలోకి చూశాడు.

"గీ గోడ పక్కన్నే ఉర్దూల అలీఫ్, బే దిద్దుకున్న కొడుకా, ఆ వరుస చెక్కేసింది నేనే."