మొట్టికాయ రూలు

“తెలీని వాళ్ళంతా లేచి నిలబడండి,” అంది రేవతి, మౌసు తీగను కంప్యూటర్ నుంచి లాగి పక్కన పడేస్తూ.

రెండువేల మూడు వేసవి. మదనపల్లెలో ప్రభుత్వ టీచర్లకు కంప్యూటర్ శిక్షణ, నేర్పేది రేవతి. ఆ రోజే ఆఖరు. ప్రశ్న చిన్నదే. మౌసు ముట్టుకోకుండా, స్విచ్ కట్టేయకుండా కంప్యూటర్ను పద్ధతిగా ఆపాలి. తలలు నెరిసిన టీచర్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ బెంచీల్లోంచి లేచారు.

“ఇది నువ్వు చెప్పనే లేదు కదమ్మా?” అంది రెడ్డెమ్మ టీచరు.

“చెప్పకపోయినా తెలుసుకోవాల మేడం. చెప్పగలిగినోళ్ళు ఎవరన్నా ఉంటే, చెప్పలేనోళ్ళకు తలా ఒక మొట్టికాయ వేస్తారు. ఎవరూ లేకపోతే నేనే వేస్తా.”

హాలంతా గొల్లుమంది. “ఇదేం రూలు తల్లీ!”

“నా రూలు కాదు. పుంగనూరు స్కూల్లో మా నారాయణస్వామి సార్ రూలు.”

అందరూ వెనక్కి తిరిగారు. చివరి బెంచీలో నారాయణస్వామి తీరిగ్గా కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. “అవునప్పా, నా రూలే,” అన్నాడు నవ్వుతూ.

నవ్వు సారూ, నవ్వు, అనుకుంది రేవతి. ఏడో తరగతిలో పదమూడో ఎక్కం సగంలో ఆమె ఆగిపోతే, ఈ సారే ఎక్కం అప్పజెప్పిన ఈశ్వరప్ప చేత మొట్టించాడు. వాడి వేలికి రాగి ఉంగరం. అది తగిలిన చోటు రేవతికి ఇప్పటికీ గుర్తే. పాపిట పక్కకు తీసి దువ్వుకునేది అందుకే. ఆ రోజు నుంచి ఆమె ఏ క్లాసులోనూ రెండో స్థానంలో నిలవలేదు. పదిలో ఫస్టు. ఇంటర్లో ఫస్టు. కుప్పంలో పీజీ చేస్తే అక్కడా ఫస్టే. మార్కులు చూసుకున్న ప్రతిసారీ లోపల ఒకటే మాట: నీ తలకూ ఒక రోజు వస్తుంది సారూ.

శిక్షణ మొదటి రోజు బెంచీలో సారు బట్టతలను చూడగానే ఆమెకు పండగైంది. ఎవరికీ చెప్పకుండా ఈ ఒక్క కిటుకునూ ఆఖరి రోజుకని దాచింది. నిన్న రాత్రి మాత్రం సంతోషం పట్టలేక మొగుడికి చేసి చూపించింది. పుంగనూరులో కంప్యూటర్ సెంటర్ నడిపే మురళికే అది తెలియదు! నోట్లో దోసె ముక్క నమలడం ఆపి, “మళ్ళీ ఒకసారి చెయ్యి,” అన్నాడు. పెళ్ళయినప్పటి నుంచి ఆమె అంతగా మురిసిపోయింది లేదు. ఎందుకని అడిగితే, గెలిచి వచ్చాక చెబుతానంది.

“సార్, మీరూ లేవాల,” అంది ఇప్పుడు. చూపుడు వేలి గెణుపు అప్పటికే ముందుకు పొడుచుకొచ్చింది.

“యాల లేయాలమ్మా? తెలీని వాళ్ళను కదా లేయమంటివి?”

ఆయన కళ్ళజోడు పెట్టుకుని, పంచె సర్దుకుంటూ కంప్యూటర్ దగ్గరికి వచ్చాడు. రెండు చేతుల వేళ్ళూ మీటల మీద ఆనించి నొక్కాడు. ఇంకో మీట నొక్కాడు. ఇంకోటి. తెర నల్లబడింది. ఇక స్విచ్ కట్టేయొచ్చునంటూ నారింజ రంగు అక్షరాలు వచ్చాయి.

హాలు చప్పట్లతో దద్దరిల్లింది.

“నేనెప్పుడూ క్లాసులో ఫస్టే. వచ్చే ఏడు రిటైరైతాండానని ఎనకబడిపోతానా?” అంటూ నారాయణస్వామి వేలు మడిచి బెంచీల వెంట బయలుదేరాడు.

“మెల్లగా సారూ, పూలు నలిగిపోతాయి,” అని రెడ్డెమ్మ టీచరు తల వంచింది. టక్కు. పక్కాయనకు టక్కు. ఒక్కరినీ వదల్లేదు. అందరికీ అయ్యాక వచ్చి రేవతి ముందు నిలబడ్డాడు. ఆమె చెయ్యి దానంతటదే పాపిట మీదికి పోయింది.

“నీకు లేదులే తల్లీ. టీచరుకు మొట్టికాయ యాడుండాది? రూలంటే రూలే,” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, “పదమూడో ఎక్కం ఇప్పుడన్నా వస్తాందా?” అని అడిగాడు.

రేవతి చెవులు ఎర్రబడ్డాయి. “వస్తాంది సార్. ముందు ఇది చెప్పండి. మీకెవరు నేర్పించినారు?”

“నాకూ ఒక గురువుండాడు. చిన్నోడే గానీ బో ఓపిక. పేరు చెప్పనని మాటిచ్చినా. వస్తానమ్మా, బస్సు పోతాది.”

పుంగనూరు దాకా రేవతి పళ్ళు నూరుతూనే ఉంది. ఎవడా గురువు? ఇన్నేళ్ళు కడుపులో పెట్టుకున్న కసి, నోటిదాకా వచ్చిన ముద్ద, ఎవడు తన్నుకుపోయాడు? దొరికితే, సారుకని దాచిన మొట్టికాయ వాడికే.

మురళి మల్లెపూల పొట్లంతో గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. మొహం వెలిగిపోతోంది.

“వచ్చినావా? నీకొకటి చెప్పకుండా దాచినా, ఇంక నావల్ల కాదు. మీ క్లాసులో బట్టతలాయన ఒకాయన ఉండాడు కదా? అందరికంటే ఎనకబడినాడని నా కాడికొచ్చి ఒకటే బాధపడినాడు. ఆయన ఫెయిలైతే నీకు కదా మాటొచ్చేది? అందుకని రోజూ సాయంత్రం మన సెంటర్లోనే కూర్చోబెట్టి నేర్పించినా. నువ్వు రాత్రి చూపించినావే, మౌసు లేకుండా ఆపేది, అది గూడా! పొద్దున నువ్వు పోతానే పిలిపించి, అది నేర్పించే బస్సెక్కించినా. ఎట్ల చేసినాడు? నీ పరువు నిలబెట్టినాడా?”

రేవతి పూల పొట్లం అందుకుని భద్రంగా అరుగు మీద పెట్టింది. కొంగు తీసి నడుముకు దోపింది. వేలు మడిచింది.

“ఏమండీ,” అంది తియ్యగా, “కొంచెం తల వంచండి.”