ఫైల్లో మొదటి పేరు

"నా పేరు అందరికన్న పైన ఉండాలె బిడ్డా" అన్నాడు రామ్‌దాస్, కంప్యూటర్ తెర మీద వేలు పెట్టి. అక్కడ మొదటి పేరు భూమేష్ అనే ఇంకో రైతుది.

రామ్‌దాస్ రుద్రూర్ దగ్గరి చెరుకు రైతుల సంఘానికి ప్రెసిడెంటు. గణేష్ మండపం ఫ్లెక్సీలోనైనా, సంఘం కరపత్రంలోనైనా మొదటి పేరు ఆయనదే. ఒక ఏడు ఎవరో రెండో వరుసలో వేస్తే, నిమజ్జనం దాకా మండపం వైపు తొంగి చూడలేదు.

నిజామాబాద్‌లోని ఆ చిన్న ఆఫీసులో పుష్పలత చేరి మూడు వారాలే అయింది. సంఘంలోని అరవై మంది పొలాల వివరాలు ఒక పెద్ద డేటా సర్వీసులో ఉన్నాయి. ఏ విత్తనం పెట్టారు, ఏ మందు వేశారు, ఎకరానికి ఎన్ని టన్నులు తీశారు, ఏది కావాలన్నా ఫోన్లో అడిగితే చెబుతుంది. అయితే ఎవరికి ఏది చెప్పాలో తెలియాలంటే అది ఒక ఫైలు చూసుకోవాలి. ఆ ఫైలు రాయడమే పుష్పలత పని. సంఘంవాళ్లు ఈ రోజు ఒప్పందం మీద సంతకాలు పెడితే ఉద్యోగం పర్మినెంటు, పెట్టకపోతే ఇంటికే అని మేనేజర్ శేఖర్ నవ్వుతూ చెప్పాడు. నవ్వుతూ చెప్పే మేనేజర్ల మాటే నిజమవుతుందని ఆ పిల్లకు బాగా తెలుసు.

రామ్‌దాస్‌కు ఇంకో కోరిక కూడా ఉంది. ప్రెసిడెంటు కాబట్టి అరవై పొలాల వివరాలూ తనకు కనిపించాలట. కనిపించకపోతే సంతకం పెట్టడట.

ఆ మాటకు వెనక కుర్చీలోంచి ముత్తవ్వ లేచింది. ఆమెకు తల్లిగారింటివాళ్లిచ్చిన రెండెకరాల పొలముంది. పోయినేడు ఎకరానికి యాభై రెండు టన్నులు తీసి ప్రెసిడెంటునే మించింది. ఎట్లా తీసిందో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. సంఘంలో సగం మంది ఆడవాళ్లు ఆమె మాట మీదే నడుస్తారు.

"నా పొలం ముచ్చట నాకే కనవడాలె. ప్రెసిడెంటుకైనా సరే, కనవడొద్దు. కనవడితే మేమెవ్వలం సంతకం పెట్టం" అంది.

రామ్‌దాస్ ఆమె వైపు చూడకుండా, కొందరికి సంఘమంటే లెక్కలేదని గోడకు చెప్పాడు. వచ్చినవాళ్లు ముసిముసిగా నవ్వుకున్నారు. పుష్పలతకు మాత్రం నవ్వు రాలేదు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. మంచినీళ్లు తెస్తానని లేచి వరండాలోకి పోయింది. వెనకే ముత్తవ్వ వచ్చింది.

తెల్లబోయిన పిల్ల మొహం చూసి, అసలు సంగతేందని అడిగింది. పుష్పలత చెప్పింది. సర్వీసు ఆ ఫైలును పై నుంచి కిందికి చదువుతుంది. అడిగిన మనిషి పేరు ఎక్కడ దొరికితే అక్కడే ఆగిపోతుంది, ఇక కింద ఏముందో చూడదు. పైన రాసినవి రైతుల పేర్లు, వాళ్లకు ఎవరి పొలం వాళ్లదే కనిపిస్తుంది. అన్నీ చూడగలిగేవాళ్లది అన్నిటికంటే కింది వరుస. ప్రెసిడెంటు పేరు ఎక్కడ రాయాలో తేలడం లేదు.

ముత్తవ్వ గ్లాసు నీళ్లు నింపాదిగా తాగి మూతి తుడుచుకుంది.

"గిదే మాట అందరి ముంగట అడుగు బిడ్డా. పైననే రాయమంటడు."

"అనకుంటె అవ్వా? నా నౌకరీ పోతది."

"అంటడు. గాయన సంగతి నాకెర్క."

ఆ ధీమా చూసి పుష్పలతకు కొంచెం ధైర్యం వచ్చింది. లోపలికి వచ్చి, ఉన్నదున్నట్టు అందరికీ వినపడేలా చెప్పింది.

"పైన రాస్తె మీ పొలమొక్కటే కనవడ్తది బాపూ. కింద రాస్తె అందరియి కనవడ్తయి. ఎక్కడ రాయమంటరు?"

రామ్‌దాస్ మీసం దువ్వుకుంటూ తెర మీద కింది వరుస దాకా చూశాడు. ఆ వరుసకు పైన యాభై తొమ్మిది పేర్లున్నాయి. కింద రాయమనడానికి నోరు తెరిచాడు కూడా. సరిగ్గా అప్పుడే భూమేష్ గొంతు సవరించుకుని, అన్న కిందికి పోతే మొదటి పేరు తనదే ఉండనీయమన్నాడు.

"పైననే రాయి" అన్నాడు రామ్‌దాస్.

పుష్పలత రాసింది. సర్వీసు నిమిషానికోసారి ఫైలును మళ్లీ చదువుకుంటుందని చెప్పి అందరికీ చాయ్ పోయించింది. చాయ్ అయ్యాక రామ్‌దాస్ ఫోన్ తీసి, అందరూ చూస్తుండగానే ముత్తవ్వ పొలం గురించి అడిగాడు. చూసే అనుమతి లేదని వచ్చింది. తన పొలం అడిగాడు, వెంటనే వచ్చింది. ఫోను వైపు ఒకసారి, తెర మీద అన్నిటికంటే పైనున్న తన పేరు వైపు ఒకసారి చూశాడు. ఆ తెరను ఫొటో తీసి సంఘం గ్రూపులో పెట్టి, సంతకం కూడా అందరికంటే ముందు తనే పెట్టాడు. తర్వాత ముత్తవ్వ పెట్టింది, ఆమె వెంట మిగతావాళ్లూ పెట్టారు.

శేఖర్ ఈసారి నవ్వకుండా పర్మినెంటు అన్నాడు. పుష్పలతకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ముత్తవ్వకు దండం పెట్టుకుందామని గేటు దాకా పరుగెత్తింది.

సంఘంవాళ్లు ఆటోల్లో సర్దుకుంటున్నారు. వాళ్లలో ముత్తవ్వ లేదు. పక్కన రామ్‌దాస్ బండి స్టార్టు చేసి ఉన్నాడు. ముత్తవ్వ కొంగు నడుముకు చెక్కుకుని, ఆయన భుజం మీద చెయ్యి వేసి వెనక ఎక్కి కూర్చుంది. ప్రెసిడెంటు సగం వెనక్కి తిరిగి, బతిమాలుతున్నట్టు చిన్నగా అడిగాడు:

"పెండ్లయి ముప్పై ఏండ్లాయె. ఏ మందేసినవో కట్టుకున్న మొగనికైన చెప్పరాదే?"