బావగారి దవడ

మార్చి పదకొండు, బుధవారం, ఉదయం పదిన్నర. పళ్ళ ఆస్పత్రి లోపలి గదిలో ఉన్నవారు ముగ్గురు: డాక్టరు, ఆయనతో కలిసి ప్రాక్టీసు చేస్తున్న కూతురు, కుర్చీలో వెల్లకిలా ఆ కూతురి మామగారు, అంటే డాక్టరుకు వియ్యంకుడు.

వియ్యంకుడికి కింది దవడలో కుడివైపు రెండు పళ్ళు లేవు. మూడేళ్ళుగా లేవు. ఇంప్లాంట్లు పెట్టించుకోమంటే, సూది తలచుకుని, ఏదో అర్జెంటు పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోయే మనిషి. అటువంటివాడు ఇవాళ పిలవకుండా వచ్చాడు. అదే డాక్టరుకు మింగుడుపడలేదు.

"ఏం బావగారూ, దారి తప్పారా?"

"మీ హస్తవాసి ఎలా ఉందో చూసిపోదామని."

కూతురు ఫారం తీసింది. పైన 'ఇంప్లాంటుకు అర్హత' అని అచ్చు. కింద పేరు, అలవాట్లు, షుగరు, ఎముక, చిగుళ్ళు. చివర నిర్ణయం, కారణం. పేరు గడిలో మామగారి పేరు రాసింది.

"అలవాట్ల దగ్గర కాస్త గట్టిగా అడుగు," అన్నాడు డాక్టరు. "అందరూ దాస్తారు. డిసెంబరులో ఆ టీచరుగారు దాచలేదూ? దగ్గు ఉందని చెప్పలేదు, తీరా డ్రిల్లు దిగేటప్పుడు కదిలింది."

"ఆవిడకి పెదవి తిమ్మిరి ఇంకా తగ్గలేదట నాన్నా."

"దాచినవాళ్ళు అనుభవిస్తారు," అని కుర్చీ వైపు తిరిగాడు. "సిగరెట్లు?"

"మానేసి పదేళ్ళు."

డాక్టరు వంగి చొక్కా కాలరు వాసన చూశాడు. సబ్బు వాసన. అనుమానం ఇంకాస్త పెరిగింది.

"ఎముకల మాత్రలు ఏమైనా మింగుతున్నారా?"

"మీ చెల్లెమ్మ పెట్టే చీవాట్లు. రోజుకు మూడు పూటలా."

షుగరు రిపోర్టు చక్కగా ఉంది. స్కాను కూడా బాగుంది. డాక్టరు తెర మీద సన్నటి నల్లగీత చూపించాడు.

"ఇది నరం. దీనిపైన పదమూడు మిల్లీమీటర్ల ఎముక ఉంది. పది వరకూ దిగవచ్చు. ఇంకో మూడు దిగామా, బతికినన్నాళ్ళూ పెదవి మొద్దే. టీ కారిపోతున్నా తెలియదు."

వియ్యంకుడు గుటక వేసి కోడలి వంక చూశాడు. కోడలు ఫారం వంక చూసింది. డాక్టరు ఆ ఇద్దరి వంకా చూశాడు.

డాక్టరు తనకు మంచినీళ్ళు కావాలని అడిగాడు. కూతురు సగం గ్లాసు ఇచ్చింది. ఈమధ్య ఎప్పుడూ సగమే ఇస్తోంది.

ఇక చిగుళ్ళు మిగిలాయి. గీతలున్న సన్నటి పుల్లను పంటికీ చిగురుకూ మధ్య దించి లోతు కొలవాలి. డాక్టరు అంకెలు పలుకుతుంటే కూతురు రాసుకుంటోంది.

"మూడు, రెండు, ఐదు... కదలకండి బావగారూ."

వియ్యంకుడు తల వెనక్కి ఆనించి, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, కొయ్యబొమ్మలా పడుకున్నాడు.

"అయిపోయింది," అన్నాడు డాక్టరు.

"ఇంకోసారి కొలవండి నాన్నా."

"ఎందుకు?"

"నా కోసం."

మళ్ళీ కొలిచాడు. ఈసారి రెండుచోట్ల "కదలకండి" అన్నాడు. పుల్ల ట్రేలో పడేసి నిటారుగా నిలబడ్డాడు.

"మీరిద్దరూ ఏదో కూడబలుక్కుని వచ్చారు. బావగారూ, ఏం దాస్తున్నారు? గుండె జబ్బా? ముందే చెబితే పోయేదేమీ లేదు. సోమవారం డ్రిల్లు దించాక బయటపడితే నా పరువు పోతుంది, మీ పెదవి పోతుంది."

"నేనేమీ దాచలేదు బావగారూ." ఆ మాటలో వేళాకోళం లేదు.

"మరి ఈ చూపులేమిటి? ఏమ్మా, నువ్వైనా చెప్పు. నీ మామగారని వెనకేసుకొస్తున్నావా?"

కూతురు ఫారాన్ని తండ్రి వైపు తిప్పి బల్ల మీద పెట్టింది. చిగుళ్ళ గడిలో ఒకే పంటికి రెండు వరసల అంకెలు. మొదటి వరస మూడు, రెండు, ఐదు. రెండో వరస ఐదు, నాలుగు, రెండు. మధ్యలో గడిచింది ఐదు నిమిషాలు.

"చిగురు లోతు ఐదు నిమిషాల్లో మారదు నాన్నా."

"కదిలారు."

"కదల్లేదు బావగారూ," అన్నాడు వియ్యంకుడు మెల్లగా.

డాక్టరు చాలాసేపు ఆ అంకెలనే చూశాడు. తర్వాత పెన్ను తీసి, 'అర్హులు' అన్న మాట దాటి, 'అనర్హులు' పక్కన టిక్కు పెట్టాడు. గీత వంకరగా వచ్చింది.

పేరు గడిలో బావగారి పేరు కొట్టేసి తన పేరు రాశాడు. కారణం దగ్గర 'చెయ్యి వణుకు' అని రాసి, సంతకం చేసి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో వేసుకున్నాడు.